పాతకాలపు ఎలుగుబంటిని ఎవరు తూచారు?



మొన్న మన రాత్రి బడిలో ఒక సంగతి జరిగింది. ముందు అది చెబుతాను.

ఆ రోజు పాఠం అయిపోయింది. గట్టిగా చదవడం అలవాటు కావాలని నేను ఒక పేపరు ముక్క తెచ్చాను. అందులో పాతకాలపు జంతువుల గురించి నాలుగు వాక్యాలు ఉన్నాయి. ఒక పెద్దమ్మ వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

ఎన్నో లక్షల ఏళ్ల కిందట ఒక పెద్ద ఎలుగుబంటి ఉండేదట. దాని బరువు 1,600 కిలోలట. అదీ అక్కడ రాసి ఉన్న సంగతి.

పెద్దమ్మ చదవడం ఆపింది. వేళ్ల మీద లెక్క వేసుకుంది. మా ఉద్దానంలో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. ఆ లెక్క ఆమెకు కంఠతా వచ్చు.

"అంటే ఇరవై బస్తాలా? ఒక్క ఎలుగు ఇరవై బస్తాలు తూగుద్దా?" అంది.

అందరూ నవ్వారు. "జాంబవంతుడేమోనే!" అని ఒకామె అంది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. నా మొహంలోకి చూసి అడిగింది.

"టీచరమ్మా, ఎవరు తూసినారు?"

"పేపర్లో రాసి ఉంది కదా పెద్దమ్మా" అన్నాను.

"రాసి ఉంటే అయిపోద్దా? షావుకారి పుస్తకంలో కూడా రాసే ఉండేది."

ఆ మాటతో అందరూ నవ్వు ఆపేశారు. ఆమె కథ అందరికీ తెలిసిందే. చదువు రాని రోజుల్లో ఆమె జీడిపిక్కలు తీసుకుని ఒక షావుకారు దగ్గరికి వెళ్లేది. అతను కాటా వేసేవాడు. పుస్తకంలో ఏదో రాసుకునేవాడు. ఈమె వేలిముద్ర వేసి, ఇచ్చిన డబ్బు తెచ్చుకునేది. అంకెలు నేర్చుకున్నాక ఒకరోజు కాటా ముల్లు తానే చూసింది. అప్పుడు తెలిసింది, బస్తాకు కొన్ని కిలోలు పోతున్నాయని. అలా ఎన్నేళ్లు పోయాయో!

అందుకే ఆమె అడిగింది. రాసిన అంకె చూడగానే నమ్మలేదు. ఎవరు తూచారు, ఎలా తూచారు అని అడిగింది. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ జవాబే ఈ పాఠం.

మనకు తెలిసిన ఎలుగుబంటి

ముందు మన ఎలుగుబంటి సంగతి చూద్దాం. ఉద్దానం వాళ్లకు దీన్ని కొత్తగా చెప్పాలా? జీడి తోటలోకి వస్తుంది. పనసపండు వాసనకు వస్తుంది. చెదల పుట్టలు తవ్వుతుంది. తెల్లవారుజామున తోటకు వెళ్లేవాళ్లు దీని భయంతోనే గుంపుగా వెళతారు. పిల్లలు జడుసుకుంటే దీని వెంట్రుకతో తాయెత్తు కట్టేవాళ్లు కూడా ఉన్నారు.

మగ ఎలుగుబంటి సుమారు 80 కిలోల నుంచి 145 కిలోల దాకా ఉంటుంది. అంటే ఒక బస్తా నుంచి రెండు బస్తాల లోపు. ఆడది ఇంకా చిన్నది. దాని బరువు సుమారు 55 నుంచి 100 కిలోలు. వెనక కాళ్ల మీద నిలబడితే మగది ఇంచుమించు మనిషంత ఎత్తు ఉంటుంది.

దీన్ని అటవీశాఖ వాళ్లు మత్తు ఇచ్చి పట్టుకున్నప్పుడు తూచవచ్చు. జంతు ప్రదర్శనశాలలో కూడా తూస్తారు. కాబట్టి ఇది కాటా వేసిన బరువు.

మరి లక్షల ఏళ్ల కిందట చచ్చిపోయిన జంతువు మాటేమిటి? దానికి మాంసం లేదు, తోలు లేదు, కొవ్వు లేదు. మిగిలింది ఎముకలే. అవి కూడా అన్నీ దొరకవు. ఒక కాలి ఎముకో, ఒక దవడో, నాలుగు పళ్లో దొరుకుతాయి. వాటితో బరువు ఎలా చెబుతారు?

నిట్రాడు చెప్పే మాట

తాటాకు ఇల్లు చూడండి. మధ్యలో నిట్రాడు ఉంటుంది. పైకప్పు బరువంతా దాని మీదే. చిన్న పాకకు సన్నటి నిట్రాడు చాలు. పెద్ద ఇంటికి లావుపాటి దుంగ కావాలి.

తుపానుకు ఒక ఇల్లు కొట్టుకుపోయిందనుకోండి. కప్పు లేదు, గోడలు లేవు. నిట్రాడు ఒక్కటే మిగిలింది. దాని లావు చూసి మీరేమంటారు? "ఇది పెద్ద ఇల్లే" అంటారు. లేదా "ఇది చిన్న పాక" అంటారు. ఇల్లు చూడకుండానే చెప్పారు కదా!

జంతువుకు కాళ్లే నిట్రాళ్లు. ఒంటి బరువంతా కాళ్ల ఎముకల మీద పడుతుంది. బరువైన జంతువుకు కాలి ఎముక లావుగా ఉండాలి. లేకపోతే నడిచేటప్పుడు, పరుగెత్తేటప్పుడు విరిగిపోతుంది. అందుకే శాస్త్రవేత్తలు ముందుగా కాలి ఎముక కోసం చూస్తారు. మన చేతిలో భుజం నుంచి మోచేతి దాకా ఒక ఎముక ఉంది కదా. ఎలుగుబంటి ముందుకాలిలో కూడా అలాంటిదే ఉంటుంది. దాని పొడవు కొలుస్తారు. నడుమ దగ్గర చుట్టుకొలత కూడా కొలుస్తారు.

అగ్గిపెట్టెల లెక్క

పొడవు కొలిస్తే చాలదా? లావు ఎందుకు కొలవాలి? దీనికి ఇంట్లోనే ఒక పని చేసి చూడండి. ఎనిమిది అగ్గిపెట్టెలు తీసుకోండి.

ఒక అగ్గిపెట్టె పక్కన పెట్టండి. ఇది చిన్న జంతువు అనుకోండి. ఇప్పుడు దీనికి రెండింతల జంతువును కట్టాలి. రెండింతల పొడవు, రెండింతల వెడల్పు, రెండింతల ఎత్తు. ఎన్ని పెట్టెలు కావాలి?

చాలామంది "రెండు" అంటారు. పేర్చి చూడండి. కింద నాలుగు పెట్టెలు పట్టాయి. వాటి మీద ఇంకో నాలుగు పెడితేనే ఎత్తు రెండింతలు అయింది. మొత్తం ఎనిమిది!

కొలత రెండింతలు అయితే బరువు ఎనిమిదింతలు అయింది. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు అడుగు వరస చూడండి. కింద ఉన్నవి నాలుగే. మొత్తం ఎనిమిది పెట్టెల బరువు ఆ నాలుగింటి చోటులోనే నేల మీద పడుతోంది. మొదట ఒక పెట్టె చోటులో ఒక పెట్టె బరువు ఉండేది. ఇప్పుడు ఒక్కో పెట్టె చోటులో రెండు పెట్టెల బరువు పడింది. కాలి ఎముక సంగతీ అంతే. జంతువు రెండింతలు పెద్దదైతే, ఎముక కూడా అదే పాళంలో రెండింతలు లావైతే చాలదు. ఇంకా లావు కావాలి. అందుకే పెద్ద జంతువుల కాళ్లు మొద్దుగా ఉంటాయి. మేక కాలు, ఏనుగు కాలు పోల్చి చూడండి.

కాబట్టి ఎముక పొడవు జంతువు ఎంత ఎత్తో చెబుతుంది. ఎముక లావు అది ఎంత బరువు మోసిందో చెబుతుంది.

బతికున్న వాటి నుంచి కొలబద్ద

లావు చూసి "పెద్దది" అనడం సరే. మరి ఇన్ని కిలోలు అని అంకె ఎలా వస్తుంది?

మన అంగన్‌వాడీకి రండి. అక్కడ టీచరు చిన్నపిల్లల జబ్బకు రంగుల టేపు చుట్టి చూస్తుంది. టేపు ఎరుపు దగ్గర ఆగితే బిడ్డ బాగా చిక్కిపోయిందని అర్థం. ఆకుపచ్చ దగ్గర ఆగితే బాగుందని అర్థం. జబ్బ చుట్టుకొలత ఒక్కటే చూసింది. కానీ ఒళ్లంతటి సంగతి చెప్పింది. ఎలా? ఎంతోమంది పిల్లలను ముందే కొలిచి, తూచి, చూసి ఆ టేపు తయారు చేశారు. టేపులోని గీతల వెనక ఆ పిల్లలందరి కొలతలూ ఉన్నాయి.

ఎముకల లెక్క కూడా ఇలాంటిదే. బరువు తెలిసిన జంతువులు ఎన్నో ఉన్నాయి. వాటిలో చిన్న ఎలుగుబంట్లు, పెద్ద ఎలుగుబంట్లు, ఇతర జంతువులు ఉన్నాయి. అవి చచ్చిపోయాక వాటి ఎముకలు కొలుస్తారు. ఎముక ఇంత లావుంటే బరువు ఇంత అని ఒక వరస దొరుకుతుంది. దాన్నిబట్టి ఒక లెక్క కడతారు. పాతకాలపు ఎముక కొలతను ఆ లెక్కలో వేస్తారు. బరువు వస్తుంది.

పెద్దమ్మ ప్రశ్నకు మొదటి జవాబు ఇదే. పాతకాలపు ఎలుగుబంటిని ఎవరూ తూచలేదు. ఎముక కొలిచారు. బరువు లెక్క కట్టారు.

ఆస్పత్రి పునాదిలో దొరికిన ఎముకలు

ఇప్పుడు ఆ 20 బస్తాల ఎలుగుబంటి దగ్గరికి వెళదాం. అది మన దేశంలోది కాదు. సముద్రాల అవతల దక్షిణ అమెరికా ఖండం ఉంది. అందులో అర్జెంటీనా అని ఒక దేశం. అక్కడ లా ప్లాటా అనే ఊళ్లో 1935లో ఒక ఆస్పత్రి కడుతున్నారు. ఆ పనుల్లో మట్టి తవ్వుతుంటే పెద్ద పెద్ద ఎముకలు బయటపడ్డాయి. వాటిని ఆ ఊరి మ్యూజియంలో భద్రపరిచారు.

చాలా ఏళ్ల తర్వాత ఇద్దరు శాస్త్రవేత్తలు వాటిని శ్రద్ధగా కొలిచారు. ఒకరు అర్జెంటీనాకు చెందిన లియోపోల్డో సోయిబెల్జోన్. ఇంకొకరు అమెరికాకు చెందిన బ్లేన్ షూబర్ట్. వాళ్లు కనుక్కున్నది 2011లో అచ్చయింది. ఎముకలు దొరికాక 76 ఏళ్లకు!

ఆ ఎముకలు వాళ్లకు ఏం చెప్పాయో చూడండి.

మొదటిది, వయసు. ఎదిగే వయసులో ఎముక కొసలు విడిగా ఉంటాయి. మధ్యలో మెత్తటి పొర ఉంటుంది. ఎదగడం ఆగిపోయాక కొసలు గట్టిగా అతుక్కుంటాయి. ఈ ఎలుగుబంటికి అతుక్కుని ఉన్నాయి. మిగతా గుర్తులు కూడా చూసి ఇది ముసలిదని చెప్పారు.

రెండోది, ఆడా మగా. ఎముకల సైజును బట్టి ఇది మగదని చెప్పారు.

మూడోది, దెబ్బలు. ఎముకల మీద పెద్ద గాయాల గుర్తులు ఉన్నాయి. ఆ దెబ్బలు బతికుండగా తగిలినవే. గాయం మానినప్పుడు ఎముక మీద కొత్త ఎముక పోసుకుంటుంది. చచ్చాక విరిగితే అలా పోసుకోదు. పాపం, ఆ ముసలి ఎలుగుబంటి దెబ్బలు తిని కూడా బతికింది.

నాలుగోది, బరువు. సుమారు 1,600 కిలోల నుంచి 1,750 కిలోల దాకా ఉండవచ్చని అన్నారు. వెనక కాళ్ల మీద నిలబడితే ఎత్తు సుమారు 11 అడుగులు.

11 అడుగులంటే మనిషి ఎత్తుకు రెండింతలు. మన ఎలుగుబంటి మనిషంత ఎత్తు. అంటే ఇది మన ఎలుగుబంటికి రెండింతలు. అగ్గిపెట్టెల లెక్క గుర్తుందా? ఎనిమిదింతలు చేయాలి. మన మగ ఎలుగుబంటి బస్తాన్నర అనుకుంటే, ఎనిమిదింతలు పన్నెండు బస్తాలు. మరి వాళ్లు ఇరవై అన్నారు. ఎందుకు? దాని ఎముకలు ఎత్తుకు తగినంత కన్నా ఇంకా మొద్దుగా ఉన్నాయి. అంత లావు ఎముక ఇంకా ఎక్కువ బరువు మోసి ఉండాలి. అందుకే ఎత్తు ఒక్కటే చూసి బరువు చెప్పకూడదు.

ఈ ఎలుగుబంటి జాతి 20 లక్షల ఏళ్ల నుంచి 5 లక్షల ఏళ్ల కిందటి మధ్య కాలంలో బతికింది. దీని చుట్టం ఇప్పటికీ దక్షిణ అమెరికా కొండల్లో ఉంది. దాన్ని కళ్లజోడు ఎలుగుబంటి అంటారు. కళ్ల చుట్టూ తెల్లటి గీతలు ఉంటాయి. మగది ఒక బస్తా పావు నుంచి రెండున్నర బస్తాల దాకా ఉంటుంది. అంత పెద్ద జాతికి ఇంత చిన్న చుట్టం!

మన దగ్గర కూడా పాతకాలపు ఎముకలు దొరికాయి. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు ఉన్నాయి. అక్కడ 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన తవ్వకాలు మొదలుపెట్టించారు. ఎన్నో రకాల జంతువుల ఎముకలు దొరికాయి. కాబట్టి మీ పొలంలోనో, బావి తవ్వేచోటో రాయిలా మారిన ఎముక దొరికితే పగలగొట్టి పారేయకండి. బడిలోనో, పంచాయతీలోనో చెప్పండి.

ఒక్క జంతువుకు ఇన్ని బరువులా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని దాచకూడదు.

ఆ ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక్క లెక్కతో సరిపెట్టుకోలేదు. రకరకాల కొలతలతో, రకరకాల లెక్కలు వేశారు. ఒక లెక్కలో బరువు 983 కిలోలు వచ్చింది. ఇంకో లెక్కలో 2,042 కిలోలు వచ్చింది. అదే జంతువు! ఒక లెక్కకు పన్నెండు బస్తాలు. ఇంకో లెక్కకు ఇరవై అయిదు బస్తాల పైన.

ఇదేమిటి, ఇది కూడా షావుకారి కాటాయేనా అని మీరు అడగవచ్చు. కాదు. కారణం చెబుతాను.

అంగన్‌వాడీ టేపు పెద్దవాళ్ల జబ్బకు పనికొస్తుందా? రాదు. పిల్లలను చూసి చేసిన టేపు పిల్లలకే సరిపోతుంది. అలాగే ఇప్పుడు బతికున్న ఎలుగుబంట్లను చూసి లెక్క కట్టారు. వాటిలో ఇంత పెద్దది లేదు. కొలబద్ద దాటిపోయిన జంతువుకు లెక్క సాగదీయాలి. సాగదీసిన కొద్దీ తేడా పెరుగుతుంది. ఒక్కో లెక్క ఒక్కో వైపు లాగుతుంది.

శాస్త్రవేత్తలు ఏం చేశారు? తక్కువ అంకెనూ రాశారు. ఎక్కువ అంకెనూ రాశారు. ఏ ఎముక ఎక్కడ కొలిచారో రాశారు. తమకు ఏది సబబుగా తోచిందో, ఎందుకు తోచిందో చెప్పారు. ఎవరైనా వెళ్లి ఆ ఎముకలను మళ్లీ కొలవవచ్చు. పేపరు వాళ్లు మాత్రం ఒక్క అంకె తీసి పెట్టారు. నేను తెచ్చిన ముక్కలో "సుమారు" అనే మాట కూడా లేదు.

గుహల్లో తల్లుల ఎముకలు

ఇంకో తప్పు కూడా జరిగే వీలుంది. అది మనం, ఆడవాళ్లం, తప్పక తెలుసుకోవాల్సింది.

యూరప్ ఖండంలో ఒకప్పుడు గుహ ఎలుగుబంటి ఉండేది. జర్మనీలోని ఒక గుహలో దొరికిన పుర్రెను చూసి 1794లో రోజెన్‌ముల్లర్ అనే ఆయన దానికి పేరు పెట్టారు. ఈ ఎలుగుబంట్లు చలికాలమంతా గుహల్లో నిద్రపోయేవి. పిల్లలను కూడా అక్కడే కనేవి. ముందుగా కడుపునిండా తిని ఒంట్లో కొవ్వు దాచుకోవాలి. చాలినంత దాచుకోలేనివి నిద్రలోనే చచ్చిపోయేవి. అలా వేల ఏళ్లు గడిచాయి. గుహల్లో ఎముకలు గుట్టలుగా పడ్డాయి. ఆస్ట్రియా దేశంలో మిక్స్‌నిట్జ్ దగ్గర ఒక గుహలో ఎన్ని ఎముకలు పేరుకున్నాయంటే, 1920 ప్రాంతంలో ఆ మట్టిని ఎరువు కోసం తవ్వి తీసుకుపోయారు!

ఆ ఎముకల్లో కొన్ని బాగా పెద్దవి. కొన్ని చిన్నవి. ఎందుకు? చిన్నవి వేరే జాతివా? సరిగా ఎదగని పొట్టివా?

ఫిన్లాండ్ దేశానికి చెందిన బ్యోర్న్ కుర్టెన్ అనే శాస్త్రవేత్త ఎన్నో కోరపళ్లను కొలిచారు. కొలతలు రెండు గుంపులుగా విడిపోయాయి. ఒకటి లావు పళ్ల గుంపు. ఇంకొకటి సన్న పళ్ల గుంపు. నడుమ రకం తక్కువ. ఆయన చెప్పింది ఏమిటంటే, లావు పళ్లు మగవాటివి, సన్న పళ్లు ఆడవాటివి. ఇది 1955లో అచ్చయింది.

గుహ ఎలుగుబంట్లలో మగది సుమారు 400 నుంచి 500 కిలోలు. ఆడది సుమారు 225 నుంచి 250 కిలోలు. అంటే మగది ఇంచుమించు రెండింతలు. మగవాటి ఎముకలే కొలిచి "ఈ జాతి బరువు ఇంత" అంటే అది సగం నిజం. ఆడవాటి ఎముకలు చూసి "ఇవి వేరే పొట్టి జాతి" అంటే అది పూర్తిగా తప్పు. అవి తల్లులు. జాతిని నిలబెట్టినవి అవే. లెక్కలో ఆడవాళ్లను విడిగా చూడకపోతే లెక్కే తప్పిపోతుంది.

సరితూకం వేద్దాం

ఇప్పుడు పాతవాటినీ కొత్తవాటినీ పోల్చుదాం. పోల్చేటప్పుడు ఒక నియమం ఉంది. మగదాన్ని మగదానితో పోల్చాలి. మామూలుదాన్ని మామూలుదానితో పోల్చాలి. అన్నింటి కన్నా పెద్దదాన్ని అన్నింటి కన్నా పెద్దదానితో పోల్చాలి. ఆ కాలపు పహిల్వానును తెచ్చి ఈ కాలపు బక్కవాడి పక్కన నిలబెడితే అది దొంగ తూకం.

ముందు మామూలు మగవాటి బరువులు చూడండి. బస్తా అంటే 80 కిలోలు.

మన ఎలుగుబంటి: ఒక బస్తా నుంచి రెండు బస్తాల లోపు.

కళ్లజోడు ఎలుగుబంటి: ఒక బస్తా పావు నుంచి రెండున్నర బస్తాలు.

మంచు సముద్రాల దగ్గర ఉండే తెల్ల ఎలుగుబంటి: సుమారు నాలుగున్నర నుంచి ఏడున్నర బస్తాలు. దీనిలో ఆడది రెండు నుంచి నాలుగు బస్తాలే.

పాతకాలపు గుహ ఎలుగుబంటి: సుమారు అయిదు నుంచి ఆరు బస్తాలు.

చూశారా? గుహ ఎలుగుబంటి పాతకాలపుదే. కానీ ఇప్పటి తెల్ల ఎలుగుబంటి కన్నా పెద్దదేమీ కాదు. పాతవన్నీ పెద్దవి, కొత్తవన్నీ చిన్నవి అనుకోవడం పొరపాటు.

ఇప్పుడు పెద్దవాటిలో పెద్దవి చూద్దాం.

ఉత్తర అమెరికాలో పొట్టి మూతి ఎలుగుబంటి ఉండేది. అది సుమారు 12,000 ఏళ్ల కిందట అంతరించింది. కుర్టెన్ 1967లో దాని బరువు సుమారు 600 కిలోలు అన్నారు. 2010లో స్పెయిన్‌కు చెందిన ఫిగెయిరిదో, ఆయన తోటివాళ్లు మళ్లీ లెక్క వేశారు. ఆరు ఎలుగుబంట్ల ఎముకలు చూశారు. అన్నింటి కన్నా పెద్దది 957 కిలోలు అని వచ్చింది. అంటే పన్నెండు బస్తాలు. దాని కాళ్లు మరీ పొడవని, అది గొప్ప పరుగు జంతువని అంతకుముందు చాలామంది రాశారు. ఒంటికి తగినంత పొడవే ఉన్నాయని వీళ్లు కొలిచి చెప్పారు. ముందు రాసిన మాటను తర్వాతి కొలత దిద్దింది.

మరి ఇప్పటి వాటిలో పెద్దది? 1960లో అలస్కాలో వేటాడిన ఒక మగ తెల్ల ఎలుగుబంటి 1,002 కిలోలు ఉందని నమోదైంది. అంటే పన్నెండున్నర బస్తాలు. పొట్టి మూతి ఎలుగుబంటికి ఇది ఏమీ తీసిపోలేదు.

ఈ రెండింటినీ మించింది లా ప్లాటా ఎలుగుబంటి ఒక్కటే. ఇప్పటిదాకా తెలిసిన ఎలుగుబంట్లలో అదే పెద్దదని దాన్ని కొలిచినవాళ్లు రాశారు.

అంత పెద్దది ఎలా అయింది?

దక్షిణ అమెరికా, ఉత్తర అమెరికా ఒకప్పుడు విడివిడిగా ఉండేవి. నడుమ సముద్రం ఉండేది. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట నడుమ నేల లేచి దారి ఏర్పడింది. ఆ దారిన జంతువులు అటూ ఇటూ వెళ్లాయి. ఎలుగుబంట్లు కూడా దక్షిణానికి వెళ్లాయి. అక్కడ గడ్డి మేసే పెద్ద జంతువులు బోలెడు. మాంసం తినే పెద్ద జంతువులు తక్కువ. తిండికి పోటీ లేదు. తర్వాత పోటీ పెరిగింది. తర్వాత వచ్చిన చుట్టాలు చిన్నవయ్యాయి. సోయిబెల్జోన్, షూబర్ట్ చెప్పిన కారణం ఇది.

గుహ ఎలుగుబంటి ఎక్కువగా ఆకులు, దుంపలు, మొక్కలు తినేది. అది సుమారు 24,000 ఏళ్ల కిందట అంతరించింది. చలి పెరిగి మేత తగ్గింది. మనుషులు కూడా గుహల కోసం పోటీకి వచ్చారు. ఈ రెండూ కారణాలని చెబుతారు.

పెద్దగా ఉండడం ఎప్పుడూ మేలు కాదు. పెద్ద ఒంటికి ఎక్కువ తిండి కావాలి. తిండి తగ్గితే ముందు కష్టపడేది పెద్ద జంతువే. మన ఎలుగుబంటి చిన్నది. చెదలు, చీమలు, ఇప్పపూలు, రేగుపళ్లు, తేనె ఏది దొరికితే అది తింటుంది. దాని పై దవడలో ముందు రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచే చెదలను పీల్చుకుంటుంది. పుర్రె చూసినవాళ్లు ఆ సందు చూసి దాని తిండి కూడా చెప్పగలరు. చూశారా, ఎముక బరువే కాదు, బతుకు తీరు కూడా చెబుతుంది.

పెద్దమ్మకు జవాబు

ఇదంతా తెలుసుకుని మళ్లీ రాత్రి బడికి వెళ్లాను. అగ్గిపెట్టెలు పేర్చి చూపించాను. పెద్దమ్మ అంతా విన్నది. చివరకు అంది:

"అయితే ఇరవై బస్తాలు అన్నది కాటా తూకం కాదు. ఎముక చూసి కట్టిన అంచనా. అంతేనా?"

"అంతే పెద్దమ్మా."

"అంచనా అని చెప్పి చెబితే నాకేం బాధ లేదు. చెట్టు మీద కాపు చూసి మేమూ అంచనా కడతాం. అంచనా కట్టి, కాటా వేశానని చెబితేనే మోసం."

ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

మనం చదవడం నేర్చుకున్నాం. చాలా సంతోషం. కానీ చదివిందల్లా నమ్మడానికి కాదు మనం నేర్చుకున్నది. అంకె కనబడితే అడగాలి. ఎవరు కొలిచారు? దేనితో కొలిచారు? ఇంకొకరు మళ్లీ కొలిచి చూడవచ్చా? పేపరును అడగాలి. రేషన్ దుకాణంలో అడగాలి. కూలి మస్తరులో అడగాలి. ఈ పాఠం రాసిన నన్ను కూడా అడగాలి.

చెప్పండి చూద్దాం

1. తాటాకు ఇంటి నిట్రాటికి, ఎలుగుబంటి కాలి ఎముకకు పోలిక ఏమిటి?

2. కొలత మూడింతలు అయితే ఎన్ని అగ్గిపెట్టెలు కావాలి? పేర్చి చూడండి. ఒక్కరి ఇంట్లో చాలవు. నలుగురు కలిసి చేయండి.

3. లా ప్లాటా ఎలుగుబంటి ముసలిదని ఎలా తెలిసింది?

4. గుహల్లో దొరికిన సన్న కోరపళ్లు ఎవరివి?

5. మీ ఇంట్లో అందరి మణికట్టుకూ పురికొస చుట్టి కొలవండి. బరువులు అంగన్‌వాడీలోనో, ఆరోగ్య కేంద్రంలోనో చూసుకోండి. రెండూ పక్కపక్కన రాయండి. మణికట్టు లావున్న వాళ్లందరూ బరువు ఎక్కువ ఉన్నారా? తేడా ఎవరికి వచ్చింది? ఎందుకు వచ్చిందో అందరూ కలిసి మాట్లాడుకోండి.